పాయింటు మీద వేణ్ణీళ్లు

అమెరికా దక్షిణాన మా మోరిస్‌విల్‌లో మంచు పడటమంటే నవ్వులాటే. అంగుళం పడితే చాలు, స్కూళ్లు మూసేస్తారు, ఆఫీసులు ఇంట్లోంచే చేసుకోమంటాయి, కొట్లో పాలూ బ్రెడ్డూ మాయమవుతాయి. మొన్న అలాంటి అంగుళం పడిన రోజునే ఉత్తరాన నోవైలో ఉండే మా తమ్ముడు ఫోనుకి ఒక వీడియో పంపాడు. వాళ్ల దగ్గర మోకాలిలోతు పడిందట. వాళ్లింటికి దగ్గర్లో రైలు గేటు ఉంది. అక్కడ నిలబడి తీశాడు. చుట్టూ తెల్లగా ఉంది, పట్టా రెండుగా చీలేచోట మాత్రం నల్లగా, తడిగా, శుభ్రంగా ఉంది. పడిన మంచు పడినట్టే కరిగిపోతోంది.

వెనకాలే ఫోన్ చేశాడు. "అక్కా, చూశావా? ఒక్క మనిషి లేడు. కింద హీటర్లు పెట్టారు, ఆటోమేటిక్‌గా మెల్ట్ చేసేస్తోంది. నాన్నకి చూపించు, హీ విల్ లవ్ ఇట్" అన్నాడు.

మా నాన్నకి తొంభై దగ్గర పడుతున్నాయి. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. వీడియో రెండుసార్లు చూశాడు. "మనుషుల్లేరే" అన్నాడు. అంతే, ఫోను నా చేతిలో పెట్టేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

మనుషులుండేవారు. పారలతో, చీపుర్లతో, ముక్కులు కారుతూ, బూతులు తిట్టుకుంటూ ఉండేవారు. నాలుగో ఏటినుంచీ నేను వాళ్ల మధ్యే పెరిగాను. ఇది జరిగేనాటికి నాకు పదకొండేళ్లు.

అప్పుడు మేం ఒక పెద్ద సరస్సు ఒడ్డున చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. ఊరంతటికీ తెలుగువాళ్లం మేమొక్కళ్లమే. తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే డెబ్బై మైళ్ల అవతల నగరంలో ఉండే డాక్టర్ ఆంటీకి ఫోన్ చెయ్యాల్సిందే. నాన్న రైల్వేలో పట్టాల ఇంజనీరు. కంపెనీ ఇచ్చిన చెక్క ఇల్లు యార్డుకి ఆనుకుని ఉండేది. వంటింటి తలుపు తీస్తే పాతిక అడుగుల్లో పట్టాలు. సరస్సు మీది గాలి మొదలైందంటే మంచు కిందకి పడదు, అడ్డంగా పరిగెడుతుంది. పట్టాల కింద స్లీపరు దుంగలకి పూసిన తారు, డీజిలు, తడిసి ఆరుతున్న నాన్న ఉన్నికోటు, వీటన్నిటి మీదా అమ్మ పెట్టిన ఇంగువ పోపు, ఇదీ మా ఇంటి వాసన. బడిలో నా పక్క పిల్ల నా కోటు వాసనకి ముక్కు మూసుకునేది. పోనీలెద్దూ, దానికేం తెలుసు. ఇప్పుడా వాసన ఎవరైనా సీసాలో పోసి ఇస్తే దాచుకుంటాను.

ఆ ఏడాది అమ్మ కడుపుతో ఉంది. పురిటికి సాయం అని మా నాయనమ్మ వచ్చింది. సామర్లకోట దాటి రెండో ప్రపంచం చూడని మనిషి, మూడు విమానాలు మారి దిగింది. అమెరికా ఎలా ఉందని ఎవరడిగినా ఒకటే జవాబు. "ఏముందీ, పట్టాలే కదా" అనేది. నిజంగానే ఇంట్లోకి అడుగుపెట్టిన గంటకే వెనక తలుపు తీసి, పట్టా దగ్గరికి వెళ్లి, వంగి చేత్తో తాకి కళ్లకద్దుకుంది. నాకు నవ్వొచ్చింది గానీ అమ్మ కళ్లెర్రజేసింది.

నాయనమ్మ కథ నాకు అమ్మే చెప్పింది. తాతయ్య అక్కడి రైల్వేలో గ్యాంగ్‌మేస్త్రీ, అంటే పట్టాలు బాగుచేసే కూలీల జట్టుకి పెద్ద. ఒక వానాకాలం కట్ట కొట్టుకుపోయినచోట పనిచేస్తూ వరదలో పోయాడు. నాన్న అప్పటికి చంటివాడు. రైల్వేవాళ్లు ఆ గ్యాంగులోనే నాయనమ్మకి పని ఇచ్చారు. ఇరవై రెండేళ్లు కంకర మోసింది, పలుగు పట్టింది, పట్టాలు ఎత్తింది. నాన్న ఆ కంకర గుట్టల పక్కనే కూచుని చదువుకుని ఇంజనీరయ్యాడు. అమెరికాలో కూడా పోయి పోయి పట్టాల ఉద్యోగమే వెతుక్కున్నాడు. తల్లి పాలతో వచ్చింది మరి, ఎక్కడికి పోతుంది.

రోజూ పొద్దున్నే నాయనమ్మ చీర పైకి దోపుకుని, నాన్న పాత బూట్లేసుకుని, చిన్న సుత్తి పట్టుకుని లైను చూడ్డానికి బయల్దేరేది. వెనకాల నేను. పట్టా మీద కొట్టి చెవి ఒగ్గేది. "ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే లోపల పగులుంది. మనుషులూ అంతేనే" అనేది. పట్టా రెండుగా చీలేచోటుని నాన్న స్విచ్చి అనేవాడు. నాయనమ్మకి అది పాయింటు. అక్కడ కదిలే పట్టాని నాలుక అనేది, అది వెళ్లి ఆనే పట్టా దవడ. "నాలుకకీ దవడకీ మధ్య గులకరాయి ఇరుక్కుంటే బండి బోర్లాపడుద్ది. వెంట్రుక కూడా ఉండకూడదు." నేను తల ఊపేదాన్ని. ఆవిడ ముందుకు నడిచాక రెండు నాణేలు పట్టా మీద పెట్టి పరిగెత్తేదాన్ని. బండి వెళ్లాక అవి అప్పడాల్లా వచ్చేవి. ఒకసారి పట్టుబడ్డాను. చెవి మెలేసి, "బండి కిందా ఆటలు? ఓసి నీ దుంప తెగ!" అని నాలుగు వాయించి, సాయంత్రం ఆ అప్పడం నాణెం తన పెట్టెలో దాచుకుంది.

అక్కడి గ్యాంగుకి ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ముఖం ఎర్రగా, ముక్కు ఇంకా ఎర్రగా ఉండేది. నాయనమ్మ అతన్ని "మేస్త్రీ! ఓ మేస్త్రీ!" అని కేకేసేది. అతనికి అది 'మిస్టరీ' అని వినిపించేది. ఈవిడ తనని ఎందుకలా పిలుస్తోందో అతనికి అర్థంకాక, చివరికి తిరిగి ఆవిడకే ఆ పేరు పెట్టేశాడు. "గుడ్ మార్నింగ్, మిసెస్ మిస్టరీ!" అనేవాడు. ఆవిడ పుచ్చిపోయిన స్లీపరు కనిపిస్తే కాలితో తన్ని చూపించేది. అతను వంగి చూసి, టోపీ తీసి, సున్నం గుర్తు పెట్టేవాడు. ఒక్క ముక్క భాష కలవకుండా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. పాయింట్లు తుడిచే చీపురు ఒకటి ఆవిడకి చూపించాడు. ఒక కొసన గట్టి ఈనెలు, రెండో కొసన మంచుగడ్డ పొడవడానికి ఉలిలాంటి ఇనప ముక్క. "ఎవడు చేశాడో గానీ వాడి కడుపు చల్లగుండ!" అంది. దాని మీద ఆవిడకి మనసు పడిపోయింది.

సాయంత్రం నాన్న రాగానే నేల మీద, వేడి గాలి వచ్చే జాలీ పక్కన తల్లీ కొడుకులు కూచునేవారు. గోంగూర లేని దేశంలో అమ్మ రూబార్బ్ కాడలతో పుల్లగా పప్పు చేసేది. మామిడికాయ లేక ఆకుపచ్చ ఆపిల్స్‌తో ఆవకాయ పెట్టేది. వేడన్నంలో అవి కలుపుకుంటూ వాళ్లిద్దరూ లైను గురించి మాట్లాడుకునేవారు.

"ఆ వంపు దగ్గర కంకర జారిపోతోంది రా. చూశావా?"

"చూశానమ్మా. ఎల్లుండి వేయిస్తాను."

"ఎల్లుండి దాకా ఆగుద్దా?"

"రేపే వేయిస్తాలే, తల్లీ."

అమ్మ నా వైపు చూసి నవ్వేది. "మీ నాన్నకి అమెరికాలో కూడా పైఆఫీసరు వచ్చిందే" అనేది. ఆ మాటలు వింటూ వింటూ నేను అక్కడే కంచం పక్కన నిద్రపోయేదాన్ని. నా జీవితంలో అంత నిశ్చింతగా మళ్లీ ఎప్పుడూ పడుకోలేదు.

ఇంకోటి చెప్పాలి. నాయనమ్మ వైద్యమంతా వేణ్ణీళ్లే. జలుబు చేస్తే వేణ్ణీళ్లు, కాలు పట్టేస్తే వేణ్ణీళ్ల కాపడం, పచ్చడి జాడీ మూత బిగుసుకుంటే దాని మీద వేణ్ణీళ్లు. ఆ చలికి కొబ్బరినూనె సీసా రాయిలా గడ్డకట్టేది. రోజూ పొద్దున్న దాన్ని వేణ్ణీళ్ల గిన్నెలో నిలబెట్టి, కరిగాక నాకు జడ వేసేది. పొయ్యి మీద రెండు పెద్ద గిన్నెల్లో నీళ్లు ఎప్పుడూ మరుగుతూనే ఉండేవి. ఎవరికి ఏం తోచకపోయినా మా ఇంట్లో ముందు వేణ్ణీళ్లు పెట్టేవారు.

జనవరి నెలాఖర్లో అమ్మకి ఏడో నెల. కాళ్లు నీరుపడుతున్నాయని పరీక్షలకి నగరంలో పెద్దాసుపత్రికి వెళ్లింది. ఒక రాత్రి డాక్టర్ ఆంటీ ఇంట్లో పడుకుని, మర్నాడు సాయంత్రం బండికి తిరిగొస్తోంది. ఆ మధ్యాహ్నమే తుపాను మొదలైంది. అబ్బో, అలాంటి మంచు ఆ ఊరి ముసలాళ్లే చూడలేదట. ఆరింటికి రావాల్సిన బండి రాలేదు. నాన్న యార్డు ఆఫీసుకి పోయి ఇంటికి రాలేదు. నాయనమ్మ నన్ను ఒళ్లో వేసుకుని గోడకి చేరగిలబడి కూచుంది. ఇద్దరం నిద్రపోయినట్టు నటించాం.

తెల్లారి ఏడింటికి నాన్న వచ్చాడు. మీసాల మీద మంచు పేరుకుని ఉంది. కూచోకుండా నిలబడే టీ తాగాడు.

"బండి కట్టింగులో ఇరుక్కుంది. ఇక్కడికి నాలుగు మైళ్లు. రెండు వైపులా గట్టు, మధ్యలో మంచు నిండిపోయింది. గార్డుతో రేడియోలో మాట్లాడాను, అందరూ బానే ఉన్నారు" అన్నాడు.

"కోడలో?"

"బానే ఉందట. ఇంజన్లో డీజిలు మాత్రం పదకొండు, పదకొండున్నర దాకా వస్తుంది. అప్పటిదాకా పెట్టెల్లో వేడి ఉంటుంది."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఉండదమ్మా."

"రోడ్డు మీంచి పోలేమా?"

"రోడ్డు అక్కడికి మైలు దూరం. మెడలోతు మంచు, గర్భిణీని నడిపిస్తామా? నాగలి వెళ్లి దారి చెయ్యాల్సిందే."

నాగలి అంటే ముందు పెద్ద ఇనప రెక్క కట్టిన ఇంజను. మంచుని చీల్చుకుంటూ పోతుంది. అది యార్డు చివర పక్క లైన్లో ఉంది. మెయిన్ లైను ఎక్కాలంటే మా వంటింటి వెనక ఉన్న పాయింటు దాటాలి. పదిమంది ఉండాల్సిన గ్యాంగులో ఆ రోజు ఇళ్లలోంచి బయటపడి రాగలిగింది మేస్త్రీతో కలిపి ముగ్గురే. నాన్నతో నలుగురు. ఆ నలుగురూ గంటన్నర పారలతో తవ్వి పాయింటు బయటికి తీశారు. మేస్త్రీ నాలుక సందులన్నీ చీపురుతో తుడిచి, లివరు అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగా కదిలింది. ఇక నాగలిని మంచులోంచి తవ్వి తేవడానికి యార్డు చివరికి వెళ్లారు. "అరగంటలో తెస్తాం" అన్నాడు నాన్న.

వాళ్లు వెళ్లిన ఐదు నిమిషాలకే గాలి మళ్లీ మంచు తెచ్చి పాయింటులో పోయడం మొదలెట్టింది. కిటికీలోంచి చూస్తున్న నాయనమ్మకి కాలు నిలవలేదు. "అయ్యో అయ్యో, నిండిపోతోందే! పట్టు, నా బూట్లందుకో" అంది. చీర కచ్చ పోసి, పైన నాన్న పాత కోటేసుకుని దిగింది. నేనూ దిగాను. మేస్త్రీ ఆనించి వెళ్లిన చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టింది. డెబ్బయ్యేళ్లకి దగ్గర పడ్డ మనిషి, ఆ చేతులు ఎంత వేగంగా ఆడాయో! "ఇదేం దిక్కుమాలిన ఇసకే, ఊడ్చేకొద్దీ పడతా ఉంది!" అని తిడుతూనే ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. అమెరికా వచ్చాక ఆవిడకి దొరికిన మొదటి పని అది.

పావుగంటకి ఆవిడ వేళ్లు కొంకర్లు పోయాయి. చేతులకి తొడుగుల్లేవు. "లోపలికెళ్లి మీ నాన్న తొడుగులు తెచ్చుకుంటా. నువ్వు ఊడుస్తా ఉండు. ఇంకేం ముట్టుకోకు" అని చీపురు నా చేతికిచ్చి వెళ్లింది. ముందుగదిలో పెట్టె వెతుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నేను ఊడ్చాను. మంచు పోయింది గానీ నాలుకకీ దవడకీ మధ్య అడుగున సన్నటి పొర ఒకటి గట్టిపడి కూచుంది. చీపురుకి రాలేదు. ఇనప కొసతో పొడిచాను, నా బలం చాల్లేదు. వెంట్రుక కూడా ఉండకూడదు. అమ్మ అక్కడుంది. పదకొండున్నర దాకానే వేడి.

వంటింట్లోకి పరిగెత్తి మరుగుతున్న గిన్నె ఎత్తుకొచ్చాను. మసిగుడ్డలతో పట్టుకుని, ఒలకకుండా తెచ్చి పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది. పొర మాయమైపోయింది! ఇంకో గిన్నె కూడా తెచ్చి పోశాను. నాకు తెలీదా అంటే తెలుసు. ఆ మంచులో ఏడేళ్లుగా పెరిగినదాన్ని, మెట్ల మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ ఇవి మరిగే నీళ్లు కదా, గడ్డకట్టేలోపే కంకరలోకి దిగిపోతాయనుకున్నాను. కొబ్బరినూనె కరగలేదూ? మూతలు రాలేదూ? అమ్మ ఇంటికొచ్చాక ఎంత మెచ్చుకుంటుందో కూడా అనుకున్నాను.

కింద కంకర ఎప్పుడో గడ్డకట్టుకుపోయి ఉంది. నీళ్లు దిగడానికి దారి లేదు. నేను చూస్తుండగానే ఆవిరి తగ్గిపోయింది, నీళ్ల మీద గీతలు పడ్డాయి, ఐదు నిమిషాల్లో నాలుకా దవడా కలిపి ఒకటే గడ్డ అయిపోయింది.

నాయనమ్మ వచ్చింది. గిన్నె చూసింది, పాయింటు చూసింది.

"ఏం చేశావే?"

"వేణ్ణీళ్లు పోశా."

బూటుతో తన్ని చూసింది. రాయి. నా చేతిలో గిన్నె తీసుకుని, "లోపలికి పో" అంది. నేను కదల్లేదు. అప్పటికే యార్డు వైపునుంచి నాగలి కూత వినిపించింది.

మేస్త్రీ ఇంజను దిగి వచ్చి లివరు పట్టుకుని లాగాడు. కదల్లేదు. మళ్లీ లాగాడు. వంగి చూశాడు. లేచి నాన్న వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చాడు. గడ్డని చూశాడు, తర్వాత నాయనమ్మ చేతిలో గిన్నె చూశాడు.

"నీళ్లు పోశావా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను, ఒట్టు. కానీ నాయనమ్మ నా కంటే ముందు అంది.

"నేనే పోశాన్రా. కరుగుతుందనుకున్నా."

మా నాన్న ఎవరి మీదా అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచాడు. "ఇరవై రెండేళ్లు లైను మీద చేశానంటావు, బుద్ధుండక్కర్లా? ఇదేమన్నా మీ సామర్లకోటా? మంచు గురించి నీకేం తెలుసని వేలు పెట్టావు? అక్కడ బండిలో నీ కోడలుందే! దానికేమన్నా అయితే నీ మొహం చూడను!" గ్యాంగువాళ్లకి తెలుగు రాదు. ముగ్గురూ తలలు దించుకున్నారు. తెలుగు రావక్కర్లేదు ఆ గొంతు అర్థంకావడానికి.

నాయనమ్మ గిన్నె కింద పెట్టి, చీపురు తిరగేసి, మోకాళ్ల మీద కూచుని గడ్డ పొడవడం మొదలుపెట్టింది. నాన్న ఆవిడ చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వు లోపలికి వెళ్లు" అన్నాడు.

ఆవిడ లేచి వెళ్లింది. లైను మీంచి ఆవిడని పొమ్మన్నది ఆ ఒక్కసారేనని తర్వాత ఎప్పుడో నాకు తట్టింది. వంటింట్లో చతికిలబడి, కాసేపటికి నన్ను పిలిచింది. నాన్న మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లితే, 'అన్నంలో వేసుకునేది కాళ్ల కింద పోస్తారా' అని రోజూ గోలపెట్టే మనిషి, ఆవకాయకి దాచిన రాళ్లుప్పు డబ్బా మొత్తం నా చేతిలో పెట్టింది. "మేస్త్రీకివ్వు. నేనిచ్చానని మీ నాన్నకి చెప్పకు" అంది.

పలుగులతో పొడిచారు, బండి ఆపడానికి చూపించే ఎర్రమంట కర్రలు వెలిగించి సందుల్లో పెట్టారు, ఉప్పు పోశారు, మళ్లీ పొడిచారు. రెండు గంటలు పట్టింది. పదకొండు దాటాక నాలుక కదిలింది. నాగలి బయల్దేరింది. ఒంటిగంట దాటాక కట్టింగు చీల్చుకుని బండి దగ్గరికి చేరింది. అప్పటికి బండిలో వేడి ఆగిపోయి రెండు గంటలయింది. ఆ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడింటికి బండి వచ్చింది. అమ్మని ఇద్దరు మోసి దించారు. పెదాలు నల్లబడి ఉన్నాయి. నన్ను చూసి నవ్వబోయింది, పళ్లు టకటకలాడి మాట రాలేదు. వారం రోజులు జ్వరం. నెల ముందే తమ్ముడు పుట్టాడు, చేతిలో పట్టేంత పిల్లాడు. బతుకుతాడో లేదో అని పదిహేను రోజులు అందరం ఆసుపత్రి చుట్టూ తిరిగాం. డాక్టర్ ఆంటీ ఫోన్లో అనేది, "పాపం పెద్దావిడ, తెలీక చేసింది. ఏమీ అనకండి." నాన్న ఏమీ అనేవాడు కాదు. అదే కష్టం.

బండి వచ్చిన ఆ సాయంత్రమే నేను నాయనమ్మని పట్టుకుని ఏడ్చాను. "నాన్నకి చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పావంటే నా మీద ఒట్టే" అంది. నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. "పిచ్చిమొహమా, తల్లి మీద కోపం ఎన్నాళ్లుంటుంది? రెండ్రోజులు. అన్నం ముద్ద నోట్లో పెడితే పోద్ది. నీ మీద పడిందనుకో, నీ తల్లికీ నీ తమ్ముడికీ ఏదైనా అయితే, జన్మంతా నిన్నే అంటారు. నేనెన్నాళ్లుంటా?"

ఒట్టు తప్పితే మనిషి చచ్చిపోతుందని నాకు గట్టి నమ్మకం. నోరు కుట్టేసుకున్నాను.

రెండ్రోజుల్లో పోతుందంది. పోలేదు. నాన్న మళ్లీ అరవలేదు, అమ్మా అనే పిలిచేవాడు, వేళకి మందులు తెచ్చిచ్చేవాడు. కానీ సాయంత్రాలు వేడిజాలీ పక్కన కూచున్నప్పుడు లైను మాట ఎత్తేవాడు కాదు. ఆవిడా అడగలేదు. చంటాడికి పాలు సరిపోతున్నాయా, బియ్యం అయిపోయాయా, అంతే. సుత్తి గూట్లోనే ఉండిపోయింది. మేస్త్రీ ఒకసారి తలుపు తట్టి, "వేర్ ఈజ్ మిసెస్ మిస్టరీ?" అని అడిగాడు. నాయనమ్మ ఒంట్లో బాలేదని చెప్పమంది. నేను చెప్పాను. అతను టోపీ చేత్తో నలుపుకుంటూ కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

వేసవి రాకుండానే ఆవిడ వెళ్లిపోయింది. విమానాశ్రయంలో నా బుగ్గలు నిమిరి, మా తమ్ముడి అరికాలికి దిష్టిచుక్క సరిదిద్ది, నాన్న తల మీద చెయ్యి పెట్టింది. నేను ఎదురుచూశాను. ఒట్టు తీసి గట్టున పెట్టేశానే అని ఒక్క మాట చెవిలో చెబుతుందని చివరిదాకా ఎదురుచూశాను. మర్చిపోయిందో, కావాలనే చెప్పలేదో. చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయింది. నేను కాలేజీలో ఉండగా పోయిందని ఉత్తరం వచ్చింది. ఒట్టు అక్కడితో తీరిపోయింది, ఇక చెప్పొచ్చు. చెప్పలేదు. అప్పటికి సిగ్గు పెరిగిపోయింది. చదువు, పెళ్లి, పిల్లలు, తర్వాత అమ్మ పోవడం, ప్రతిదానికీ ముందు ఇది చెప్పేద్దాం అనుకున్నాను, ప్రతిదాని తర్వాతా ఇంక ఎందుకులే అనుకున్నాను.

ఆ ఊరు ఇప్పుడు లేదు. అంటే ఉంది, ఇల్లు లేదు, యార్డు లేదు, అక్కడేదో గోదాము కట్టారు. రూబార్బ్ పప్పు ఎవరూ తినరు, గోంగూర మోరిస్‌విల్ కొట్లో కట్టలు కట్టలు దొరుకుతుంది. నాకు మాత్రం ఆ పుల్లటి పప్పే కావాలి. కంచం పక్కన తల్లీ కొడుకులు కంకర గురించి వాదించుకుంటుంటే వింటూ నిద్రపోవాలి. నేను పోసిన రెండు గిన్నెల నీళ్లతో ఆగిపోయిన మాటలవి.

మొన్న తమ్ముడి వీడియో చూశాక నాన్న కిటికీ దగ్గరే చాలాసేపు కూచున్నాడు. కాఫీ తీసుకెళ్లి ఇచ్చి, పక్కన కుర్చీ లాక్కున్నాను. ఏమైతే అయిందనుకున్నాను.

"నాన్నా, ఆ రోజు పాయింటు మీద నీళ్లు పోసింది నాయనమ్మ కాదు. నేను."

నా వైపు తిరిగి నవ్వాడు. "నువ్వా? మంచులో పెరిగినదానివి, నీకు తెలీదూ? మంచు ఎరిగినవాళ్లెవరూ అలా పొయ్యరు. మా అమ్మ ప్రతిదానికీ వేణ్ణీళ్లేగా!" అన్నాడు. "మీ నాయనమ్మని వెనకేసుకురావడం నీకు చిన్నప్పట్నుంచీ అలవాటే."

"నిజంగా నాన్నా. ఆవిడ లోపలికెళ్లింది, నేనే రెండు గిన్నెలు—"

"ఊరుకోమ్మా." కప్పు కింద పెట్టాడు. "అరిచాను నేను. గ్యాంగు ముందు, కన్నతల్లిని. నీ మొహం చూడనన్నాను. ఇప్పటికీ రోజూ వినిపిస్తుంది నాకు. ఏదో, తప్పు చేసింది గదా, కోడలి ప్రాణం మీదకి తెచ్చింది గదా, అందుకని నోరు జారాను అని సర్దిచెప్పుకుంటాను. అది కూడా లేకపోతే ఇన్నాళ్లు బతకలేకపోదును."

చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"అమ్మే పోసింది గదా?"

"అవును నాన్నా. నాయనమ్మే పోసింది" అన్నాను.